నుదుటికి ఆనించని సాంబ్రాణి

ప్రాణం పోసేవాడు, గడువు రాగానే దాన్ని వెనక్కి తీసుకునేవాడు, ఆ రెంటి మధ్య మనకొక నాలుకనిచ్చి దానితో ఏం మాట్లాడామో ఒకనాడు అడగబోయేవాడు అయిన అల్లాహ్‌కే సమస్త స్తోత్రం. మనుషుల రంగుల్లో, భాషల్లో తేడా పెట్టి, ఆ తేడానే తన గుర్తుగా చూపించినవాడు ఆయనే. తెలుగులో ఏడ్చినా, అరబ్బీలో చదివినా, ఇంకే భాషలో పెదవి కదిపినా వినేవాడు ఆయనొక్కడే. ఈ మాట ముందుగా రాసుకోకపోతే తర్వాతది రాయడానికి నాకు ధైర్యం చాలదు. ఎందుకంటే ఇదంతా ఒకే ఒక్క మాట గురించి. నా నోటి నుంచి రావాలా, వద్దా అని నేను నెలల తరబడి అనుమానించిన మాట.

మాది జగ్గయ్యపేట. నాన్న లారీ డ్రైవరు. అమ్మ ఇంటిపట్టునే ఉంటుంది కాని, మా పేటలో ఆడమనిషి ఎవరు పోయినా మొదటి కబురు మా ఇంటికే వస్తుంది. మాలో ఆడవాళ్ళ శవానికి ఆడవాళ్ళే స్నానం చేయించాలి. దాన్ని గుసుల్ అంటాం. అమ్మ ఆ పనికి పిలిస్తే పొయ్యి మీద కూర కూడా దించేసి వెళ్తుంది. నర్సింగ్ చదువు అయ్యాక నేనూ తోడు వెళ్ళడం మొదలుపెట్టాను. కుడివైపు ముందు, ఎడమవైపు తర్వాత, నీళ్ళు చప్పుడు చేయకుండా పోయాలి, చూసినది బయట చెప్పకూడదు. ఆ గదిలో అమ్మ ఎక్కువ మాట్లాడదు. తిరిగి వెళ్ళేది ఆయన దగ్గరికే అన్న మాట చదువుతుంది, అంతే. పోయినవాళ్ళ గురించి మనం అనే ప్రతి మాటా పైన సాక్ష్యం అవుతుందని చిన్నప్పుడు మసీదు అరబ్బీ బడిలో నేర్చుకున్నాను. అమ్మ ఆ సంగతి చేతులతో నేర్పింది.

మా ఊళ్ళో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తుండగా, జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఇళ్ళలో నర్సింగ్ చదివినవాళ్ళు కావాలని, ఆ భాష నందిగామలో నేర్పుతున్నారని తెలిసింది. అప్పటికే నాన్నకు చూపు మందగించింది. పొద్దుగూకాక బండి నడపొద్దని డాక్టరు చెప్పారు. పగలు మాత్రమే నడిపే డ్రైవర్ని ఏ లారీ ఓనరు ఎన్నాళ్ళు ఉంచుకుంటాడు? ఆ సంగతి ఇంట్లో ఎవరం పైకి అనలేదు. నేను మాత్రం క్లాసులో చేరతానన్నాను.

నాన్న అప్పుడు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర డాబాలో ఉన్నాడు. వెనక లారీల హారన్ల మధ్య ఫోన్లో అరిచి చెప్పాడు.

"పని ఏదైనా చెయ్యమ్మా. ముసలోళ్ళకి సేవంటే పుణ్యమే. కానీ నీ ఈమాన్, నీ విశ్వాసం చెడే మాట ఒక్కటి అనమన్నా సరే, సంచి సర్దుకుని వచ్చెయ్యి. డబ్బులు పోయినియ్యని నేనేం అనను. విన్నావా?"

"విన్నా నాన్నా."

"మళ్ళీ చెప్పు, ఏం విన్నావో."

మళ్ళీ చెప్పాను. ఆ మాటతోనే బస్సెక్కాను.

నందిగామలో క్లాసు పురుగుమందుల కొట్టు పై అంతస్తులో. మెట్లెక్కుతుంటేనే మందు వాసన గొంతు పట్టుకుంటుంది. మాస్టారు నందిగామ వైపు రైతు కుటుంబం మనిషే, ముప్పై దాటినవాడు, జపాన్‌లో అలాంటి ముసలివాళ్ళ ఇంట్లోనే కొన్నేళ్ళు పనిచేసి వచ్చాడు. నల్లగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడేవాడు. తక్కువ మాట్లాడే మనిషి మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. అది నా లోపమే కావచ్చు. అనుమానాల్లో చాలావాటికి దూరంగా ఉండమని మాకు ఆజ్ఞ ఉంది. ఆ ఆజ్ఞ నాకు కంఠతా వచ్చు. అయినా ఆయన ఫోను మోగగానే బాల్కనీలోకి ఎందుకు వెళ్తాడో, వెనక గదిలో డ్రైక్లీనింగ్ కవరులో ఒక నల్లకోటు, నల్లటై ఎందుకు వేలాడుతున్నాయో నేను గమనిస్తూనే ఉన్నాను.

నమస్కారాలు, అంకెలు, శరీరభాగాలు అయ్యాయి. ఆ వెంటనే ఒక పొద్దున మాస్టారు బోర్డు మీద కొత్త మాటలు రాశాడు. అన్నీ చావు మాటలు. చనిపోయిన మనిషిని ఏమనాలి, ఇంటివాళ్ళను ఏమనాలి, శవం దగ్గర కూర్చునే తొలి రాత్రిని ఏమంటారు, ఎదురుపడగానే ఏం చెప్పాలి.

నా పక్కన చెవిటికల్లు అనే ఊరి అమ్మాయి కూర్చునేది. వాళ్ళది పత్తి, మిర్చి పండించే ఇల్లు. నోరు ఊరుకోని పిల్ల.

"అదేందండీ సార్, బతికున్నోళ్ళకి అన్నం తిన్నారా అని అడగటమే ఇంకా రాలేదు, అప్పుడే శవం దగ్గరికి లాక్కెళ్తన్నారు?"

"వస్తుంది. అది కూడా వస్తుంది" అన్నాడు మాస్టారు.

"ఏది సార్? అన్నమా, చావా?"

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "ముందు ఇది నేర్చుకోండి. మిగతాది తప్పు మాట్లాడినా వాళ్ళు నవ్వి ఊరుకుంటారు. దీంట్లో ఊరుకోరు" అన్నాడు.

మన దగ్గర చావింటికి వెళ్తే చెప్పడానికి ఒక స్థిరమైన మాట లేదని నాకు ఆ రోజే తట్టింది. వెళ్ళి కూర్చుంటాం. "ఎన్నింటికి?" అని అడుగుతాం. "నిన్న కూడా బాగానే మాట్లాడిందిగా" అంటాం. ఏం చేస్తాం, మన చేతుల్లో ఏముంది అని నిట్టూరుస్తాం. లేస్తాం, వెళ్ళిపోతాం. వెళ్ళేటప్పుడు ఎవరికీ చెప్పం. మామూలు ఇంటి నుంచి 'వెళ్ళొస్తా' అనకుండా కదలని మనం, చావింటి నుంచి మాత్రం మాట లేకుండా చెప్పులు వేసుకుంటాం. మళ్ళీ రావడం అనే మాట ఆ గడపలో పలకకూడదు. ఇంటివాళ్ళు సాగనంపకూడదు, వెనక నుంచి పిలవకూడదు. మా సాయిబుల ఇళ్ళలో సలాం చెప్పి లేవడం ఉంది కాని, వెనక్కి తిరిగి చూడకపోవడం మాకూ అంటుకుంది. ఒకే వీధిలో ఇన్ని తరాలు బతికితే అంటుకోవా?

జపాన్‌వాళ్ళకేమో దానికి వరసగా మాటలున్నాయి. మొదటిది, గొషూషోసమ. మీకు కలిగిన దుఃఖానికి బాధపడుతున్నామని చెప్పడం. రెండోది, ఒకుయమి మోషిఅగెమసు. మనసులోంచి సంతాపం చెప్పుకుంటున్నానని. తల వంచి, గొంతు తగ్గించి, చివరి అక్షరాలు వినపడీ వినపడకుండా మింగేయాలి. దుఃఖంలో గొంతు ఖణేల్మంటే అది దుఃఖం కాదట. ఒకే మాటను రెండుసార్లు జంటగా అనకూడదు, చావు మళ్ళీ వస్తుందని వాళ్ళ భయం. ఇది విని చెవిటికల్లు అమ్మాయి నెత్తి పట్టుకుంది. "నేను మళ్ళీ మళ్ళీ అనకుండా, పదే పదే అనకుండా, అయ్యయ్యో అనకుండా ఎట్టా ఏడవాలి సార్?"

ఇంతవరకు నాకు ఇబ్బంది లేదు. మూడోది బోర్డు మీదికి వచ్చింది. గొమెయిఫుకు ఒ ఒయినోరి ఇతషిమసు.

"ప్రార్థిస్తున్నాను అనేది చివర్లో ఉంది కదండీ?" అని అడిగాను. ఒయినోరి అంటే ప్రార్థన అని అంతకుముందే నేర్చుకున్నాం.

"అవునమ్మా."

"దేని కోసం?"

"పోయినవాళ్ళు అవతలి లోకంలో సుఖంగా ఉండాలని."

"ఎవరికి ప్రార్థిస్తున్నామండీ?"

మాస్టారు మార్కరు మూత పెట్టి నా వైపు చూశాడు. "ఎవరో ఒకరికి. అదో మర్యాద మాటమ్మా. మీకు దేవుడున్నాడుగా, ఆయనకే అనుకో."

ఆ 'అనుకో' దగ్గరే నా మనసు మూసుకుపోయింది. ఎవరికో తెలియని ప్రార్థన, ఎలాంటిదో తెలియని లోకం. పోయినవాళ్ళ తీర్పు ఎవరి చేతిలో ఉందో తెలిసి కూడా, ఎదుటివాళ్ళ మర్యాద కోసం దాన్ని నా నాలుకతో సర్దుబాటు చేయడమా? అందరూ కలిసి పైకి అంటున్నప్పుడు నేను మొదటి రెండు వాక్యాలూ అని, మూడోదానికి పెదవులు బిగించుకున్నాను. మాస్టారికి అది కనిపించింది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఇంకా అనుమానం తెప్పించింది.

తర్వాతి వారం ఆయన ఒక స్టీలు గిన్నెలో ఇసక పోసి, దానిమీద నిప్పుబొగ్గు పెట్టి, పక్కన ఇంకో గిన్నెలో సాంబ్రాణి పొడి పెట్టాడు. గోడకు ఒక చార్టు అంటించాడు. దానిమీద ఒక ముసలామె బొమ్మ గీశాడు.

"ఈ మామ్మగారు ఎవరండీ సార్, మీ అత్తగారా?" అంటూ చెవిటికల్లు అమ్మాయి లేచి స్కెచ్ పెన్నుతో బొమ్మకు బొట్టు పెట్టింది.

ఈసారి మాస్టారు నిజంగానే కోప్పడ్డాడు. "ఆ బొట్టు తుడువు." గొంతు మారిపోయింది. పిల్ల భయపడి తడి గుడ్డతో తుడిచింది. బొమ్మ నుదుటి మీద ఎర్రగా మరక మిగిలింది.

వరసలో ఒక్కొక్కరూ వచ్చి, బొమ్మకు వంగి, మూడు వేళ్ళతో చిటికెడు పొడి తీసుకుని, నుదుటి దాకా ఎత్తి, నిప్పు మీద వేయాలి. మళ్ళీ వంగాలి. పక్కన కూర్చున్న ఇంటివాళ్ళకు వంగాలి. ఆ తర్వాత, ఇది ఆయన పదిసార్లు చేయించిన సంగతి, వెళ్ళేముందు నిలబడి ఒక మాట చెప్పి, అప్పుడు గడప దాటాలి. ఎవరైనా మాట చెప్పకుండా తలుపు దాటితే వెనక్కి పిలిచేవాడు. "చెప్పి వెళ్ళండి. మళ్ళీ మొదట్నుంచి."

నా వంతు వచ్చింది. నేను కదల్లేదు.

"ఏమ్మా?"

"నేను పక్కన నిలబడతానండీ."

"మీ ఇళ్ళల్లో సాంబ్రాణి వేయరా? నేను చూశా కదా, గురువారం మీ వీధంతా పొగే."

"వేస్తామండీ. నుదుటికి ఆనించుకోం."

మాస్టారు సాంబ్రాణి గిన్నె పక్కకు జరిపాడు. "ఇంటర్వ్యూలో ఇది అడుగుతారు. చావు మాటలు అడగని ఇంటర్వ్యూ ఉండదు. అప్పుడేం చేస్తావు?"

నేను పక్కకు జరిగి, వెనకున్న అమ్మాయికి దారిచ్చాను.

తిరుగు ప్రయాణంలో చెవిటికల్లు అమ్మాయి మా బస్సు దాకా వచ్చి నా చెవిలో చెప్పింది. "నాకు తెలిసిపోయిందే. మనల్ని ముసలోళ్ళ దగ్గరికి కాదు పంపేది. శవాలు కడిగే కంపెనీకి. ఆ నల్లకోటు చూశావా? ఊరికే ఎవడన్నా ఇంత చావు నేర్పిస్తాడా?"

అది నవ్వుతూ అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. బస్సు చిల్లకల్లు దాటేదాకా అదే ఆలోచించాను. శవాన్ని కడగడం నాకు భయం కాదు, సిగ్గు కాదు. మా అమ్మ పని అది. కానీ చెప్పకుండా తీసుకెళ్ళడం మోసం. ఒకచోట మోసం ఉంటే ఆ మూడో వాక్యం వెనక ఇంకెంత ఉందో అనిపించింది.

అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది.

"కడగమంటే కడుగు. నీకేం కొత్తా?" అంది. "కానీ ఆ మాట మాత్రం... ఎవరి మాటో, ఏం మాటో. నాకైతే నచ్చలా."

"నాకూ నచ్చలేదు."

"మీ నాన్నకి చెప్పమాక. బండి నడిపే మనిషి. మనసు చెదిరితే రోడ్డు మీద కష్టం."

ఇమాం గారి ఇంటికి వెళ్ళి, గుమ్మం అవతల కూర్చుని, ఆయన భార్య ద్వారా అడిగించాను. ఆయన లోపలినుంచే చెప్పారు. బతికున్నవాళ్ళను ఓదార్చడం మంచి పని, వాళ్ళు ఎవరైనా సరే. పోయినవాళ్ళ పరలోకం సంగతి మన నోటితో తేల్చకూడదు. ఆ మాటకు సరైన అర్థం తెలియకుండా నేను హరామ్ అనను, హలాల్ అనను. అడుగు, తెలుసుకో, అనుమానం మీద మాత్రం తీర్పు చెప్పుకోకు.

అనుమానం మీద తీర్పు వద్దన్న చోటే నాకు చురుక్కుమంది. మర్నాడు అందరికన్నా ముందే క్లాసుకు వెళ్ళాను. మాస్టారు గిన్నెలో ఇసక మారుస్తున్నాడు.

"సార్, మమ్మల్ని నిజంగా ఎక్కడికి పంపుతున్నారండీ?"

"అదేంటమ్మా, చెప్పాగా. వృద్ధుల ఇల్లు."

"శవాల కంపెనీ కాదా?"

ఆయన చేతిలో ఇసక గిన్నె అలాగే ఆగిపోయింది. ముందు కోపం వచ్చింది మొహంలోకి. తర్వాత ఎందుకో చల్లారింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను పనిచేసిన చోట ఒక మామ్మ ఉండేది. చేతులు వణికేవి. నారింజపండు వలిచి పెట్టమని నన్నే పిలిచేది. వేరేవాళ్ళు వలిస్తే తినేది కాదు. మామ్మ పోయింది. శవజాగారానికి వెళ్ళా. కూర్చున్నా, వంగా, సాంబ్రాణి వేశా. అంతా చేశా. లేచా. మన అలవాటు ప్రకారం ఎవరికీ చెప్పకుండా, ఎవరి మొహం చూడకుండా బయటికొచ్చా."

కింద కొట్లో ఎవరో రైతు పత్తిలో గులాబీ పురుగుకు ఏ మందు కొట్టాలని అడుగుతున్నాడు.

"మామ్మ కూతురు వెనక నుంచి పిలుస్తా వచ్చింది. చేతిలో సంచి. వచ్చినోళ్ళకి ఏదో ఇచ్చి పంపటం వాళ్ళ పద్ధతి. నాకు తెలీదు. చావింటోళ్ళు వెనక పిలుస్తుంటే ఏం చేస్తాం మనం? తిరిగి చూడంగా! ఆమె పిలిచేకొద్దీ నేను స్పీడుగా నడిచా. ఆమె పరుగెత్తింది. నేనూ పరుగెత్తా. వీధి చివర మలుపు తిరిగేదాకా."

నాకు నవ్వు వచ్చింది. వెంటనే పోయింది.

"మామ్మ మీద కోపంతో వెళ్ళిపోయాననుకున్నారు. ఏదో మనసులో పెట్టుకున్నాననుకున్నారు. చెప్దామంటే అప్పటికి నాకంత భాష రాదు. వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ఆ కోటు అప్పటిదే." వెనక గది వైపు తల ఊపాడు. "అందుకే ముందు ఇది నేర్పుతున్నా. కంపెనీ గింపెనీ ఏం లేదు."

"మరి ఆ మూడో మాట?"

"దాని లోతు నాకూ తెలీదమ్మా. అందరూ అంటారు, నేనూ అన్నా."

ఆ మనిషి నిజం చెప్తున్నాడని నాకు అనిపించింది. కానీ ఒక విషయంలో నిజం చెప్పినవాడు ఇంకో విషయంలో తెలియక తప్పుదారి పట్టించవచ్చు కదా. శవాల కంపెనీ అనుమానం పోయింది. మూడో మాట అనుమానం ఇంకా గట్టిపడింది. తెలియకుండానే అందరూ అంటున్న మాట అని ఇప్పుడు ఖాయమైంది.

ఇంటర్వ్యూ క్లాసులోనే, లాప్‌టాప్‌లో జరిగింది. అవతల ఆ ఇంటిని నడిపే పెద్దావిడ. జుట్టంతా తెలుపు. కళ్ళజోడు మెడలో గొలుసుకు వేలాడుతోంది. పక్కన ఒక కుర్రాడు ఏదో టైపు చేస్తున్నాడు. మాస్టారు లాప్‌టాప్ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మధ్యలో తను మాట్లాడకూడదని ముందే చెప్పాడు.

పేరు, ఊరు, చదువు. ముసలివాళ్ళను ఎలా మంచం దింపుతారు. బాగానే చెప్పాను. చివర్లో ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అడిగింది. మీరు చూసుకున్న ఒక పెద్దావిడ చనిపోయింది. సామాన్లు తీసుకెళ్ళడానికి కొడుకు వచ్చాడు. ఏమంటారు?

లేచి నిలబడ్డాను. తల వంచాను. మొదటి వాక్యం అన్నాను. రెండోది అన్నాను. చివరి అక్షరాలు మింగాను. అక్కడ ఆగిపోయాను.

గోడ దగ్గర మాస్టారి పెదవులు కదులుతున్నాయి. గొ... మెయి... ఆ ఆకారం నాకు స్పష్టంగా కనపడుతోంది. చూపు తిప్పుకున్నాను. నాన్న గొంతు, వెనక హారన్లు, మళ్ళీ చెప్పు ఏం విన్నావో అన్న మాట. పగలు మాత్రమే బండి నడిపే నాన్న. రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి.

ఆవిడ ఎదురుచూస్తోంది. "అంతేనా?" అన్నట్టు తల కొంచెం పక్కకు వంచింది.

నాకు వచ్చిన ముక్కల జపనీస్‌లో చెప్పాను. మీ అమ్మగారు నిన్న అన్నం కొంచెం తిన్నారు. పాట విన్నారు. నేను పక్కనే ఉన్నాను. అంతే చెప్పగలిగాను. అది కొడుక్కి ఉపయోగపడే సంగతి, పక్కనున్న నర్సు కళ్ళారా చూసి చెప్పగలిగినది. పైలోకం గురించి నాకు తెలియనిది చెప్పలేదు.

ఆవిడ చాలా పొడుగ్గా ఏదో అంది. నాకు సగం కూడా అందలేదు. స్క్రీను ఆరిపోయాక మాస్టారిని అడిగాను.

"ఏమన్నారండీ?"

"సరే అన్నారు."

"అంత పొడుగు మాటకి సరే అన్నారు అంతేనా?"

"అంతేనమ్మా" అంటూ ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు కబురు వచ్చింది. చెవిటికల్లు అమ్మాయిని, నన్ను తీసుకున్నారు. ఆ పిల్ల నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. నాకు సంతోషం సగమే వచ్చింది. మిగతా సగం ఒకే ప్రశ్న. నేను మూడో మాట మరిచిపోయానని అనుకుని ఒప్పుకున్నారా? అక్కడికి వెళ్ళాక, శవం ముందు, ఇంటివాళ్ళ ముందు, అను, నుదుటికి ఆనించు అంటే? అంత దూరం నుంచి సంచి సర్దుకుని రావడం, నందిగామ నుంచి బస్సెక్కి వచ్చినంత తేలికా?

"ఆవిడతో ఇంకోసారి మాట్లాడించండి సార్. నేనే అడగాలి" అన్నాను.

"వచ్చిన ఉద్యోగం పోతుందేమో చూసుకో. వాళ్ళు ఇలాంటివి అడిగేవాళ్ళంటే భయపడతారు."

చెవిటికల్లు అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది. "ఒసేయ్, దొరికింది నోట్లో వేసుకోవే. వాసన చూడమాక!"

"వాసన చూడకుండా మా ఇంట్లో నీళ్ళు కూడా తాగం" అన్నాను.

"సరే, అడుగు. పోతే నేనొక్కదాన్నే వెళ్తా. నీకు రోజూ మంచు ఫొటోలు పంపి ఏడిపిస్తా."

ఇంటికి వెళ్ళి ఈసారి నాన్నకే చెప్పాను. ఇంట్లో ఉన్నాడు, కళ్ళలో చుక్కలు వేయించుకుని వెల్లకిలా పడుకున్నాడు. రెప్పలు మూసుకునే విన్నాడు. "అడగటానికి భయపడే ఉద్యోగం చేయగలవా?" అన్నాడు. పడుకునేముందు అమ్మా నేనూ నుదురు నేలకు ఆనించి ఎక్కువసేపే సజ్దాలో ఉన్నాం.

మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చునే రోజుకని వాక్యాలు ముందే కూర్చుకున్నాను. నేను ముస్లిమును. దేవుడు ఒక్కడే అని నమ్ముతాను. చనిపోయినవారి ఇంటివాళ్ళను ఓదారుస్తాను, శవానికి గౌరవంగా స్నానం చేయించగలను, మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కానీ ఆ ప్రార్థన మాట అనలేను. సాంబ్రాణి నుదుటికి ఎత్తలేను. అలాంటి మనిషి మీకు కావాలా?

తప్పులతోనే చెప్పి ఉంటాను. ఆవిడ కళ్ళజోడు తీసేసింది. పక్క కుర్రాడు టైపు చేయడం ఆపాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పోతే పోనీ అనే ధైర్యం మాత్రం రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆవిడ అప్పుడు మెల్లగా, నాకోసం చిన్న చిన్న ముక్కలు చేసి చెప్పింది. ఆ మాట అనకపోయినా ఫరవాలేదు. అది నాకే అర్థమైంది, ఎవరూ చెప్పక్కర్లేకుండా. తర్వాత చెప్పినది మాస్టారు తెలుగులో చెప్పాడు. వాళ్ళ వైపు కొన్ని ఇళ్ళలో వాళ్ళే ఆ మాట అనరట. పోయినవాళ్ళు అప్పటికే చేరవలసిన చోటికి చేరారని, మన ప్రార్థన కోసం ఆగి లేరని వాళ్ళ నమ్మకమట. ఇన్నేళ్ళు అక్కడ పనిచేసి ఈ సంగతి తనకూ తెలియదని మాస్టారు అన్నాడు. ఇది ఆవిడ మాటేనా, నన్ను పంపడానికి ఆయన కలిపిన మాటా అని ఇప్పటికీ నాకొక చిన్న సందేహం. అక్కడికి వెళ్ళాక కనుక్కుంటాను.

ఆవిడ ఇంకొకటి చెప్పింది. అది నాకు నేరుగా అర్థమైంది. చేతులు జోడించకపోయినా, పొడి వేయకపోయినా, అక్కడ నిలబడితే చాలు. కానీ ఒకటి అడుగుతున్నాను. చెప్పకుండా మాత్రం వెళ్ళిపోకండి. ఇంటివాళ్ళు అది మరిచిపోలేరు.

నేను గోడ వైపు చూశాను. మాస్టారు కిందికి చూస్తున్నాడు. ఇన్ని నెలలూ నేను అనుమానించినది నోటి సంగతి. నా కాళ్ళ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన పదిసార్లు వెనక్కి పిలిచి 'చెప్పి వెళ్ళండి' అన్నప్పుడు విసుక్కున్నాను కూడా. చావింటి గడప దగ్గర ఆగి వెనక్కి తిరగడం నా ఒంట్లోనే లేదు. నేర్చుకోవలసింది అదే. దానికి మా గ్రంథంలో అడ్డేమీ లేదు. సలాం చెప్పి లేవమనే మాకు నేర్పింది. నేనే వీధి అలవాటుకు దాన్ని గొణుగుడుగా చేసుకున్నాను.

కాల్ అయిపోతుందనగా మాస్టారు లాప్‌టాప్ ముందుకు వచ్చి, నా పక్కన వంగి, ఆవిడతో గబగబా ఏదో మాట్లాడాడు. ఆవిడ ఏదో అడిగింది, ఆయన చెప్పాడు. ఇంటర్వ్యూలో తను మాట్లాడకూడదన్నది ఆయనే కదా! నాకు అందులో అందినవి రెండే మాటలు. నారింజపండు. ఆలస్యం.

ఏం మాట్లాడారని ఈసారి నేను అడగలేదు.

ఇప్పుడు వీసా కోసం చూస్తున్నాను. నాన్న పగటి బండ్లే నడుపుతున్నాడు. మొన్న మా వీధిలో ఒక ముసలమ్మ పోతే అమ్మతో వెళ్ళాను. గుసుల్ అయ్యాక, తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఆ ఇంటి కోడలికి అందరికీ వినపడేలా సలాం చెప్పాను. ఒక పెద్దామె నన్ను ఎగాదిగా చూసి, "ఏంటే, కొత్తగా?" అంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది, కానీ తనూ ఒకసారి వెనక్కి తిరిగింది.

ఇది చదువుతున్నవాళ్ళు ఏ గుడికి వెళ్ళేవాళ్ళయినా, ఏ మసీదుకు, ఏ చర్చికి వెళ్ళేవాళ్ళయినా, చదవడం ఒక్క క్షణం ఆపి నాతో కలిసి చేతులెత్తండి. ఓ ప్రభువా, తెలియనిది పలకకుండా ఈ నాలుకను కాపాడు. ఏడుస్తున్న ఇంటి నుంచి మాట లేకుండా పారిపోకుండా ఈ కాళ్ళను ఆపు. మా నాన్న కళ్ళకు వెలుగునివ్వు. మేము అనుమానించినవాళ్ళలో మంచివాళ్ళుంటే వాళ్ళ ఎదుట మమ్మల్ని సిగ్గుపడనివ్వు. మీరూ అనండి, ఆమీన్.